ఊపిరి లెక్క: ఒక ఆన్‌లైన్ కోర్సు తయారీ డైరీ

జూన్ 4

కొత్త పని వచ్చింది. పాడేరు వైపు పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ, తమ పరిధిలోని ఆశా కార్యకర్తలకు పసిబిడ్డల సంరక్షణ మీద ఫోనులో చూసుకునే కోర్సు కావాలంటోంది. నిజానికి కోర్సు వాళ్ల దగ్గర ముందే ఉంది. రెండేళ్ల కిందట ఎవరితోనో చేయించారు. 74 స్క్రీన్లు, వెనుక ఒక గొంతు, చివర పది ప్రశ్నలు, ఆపైన సర్టిఫికెట్. "దానికే కాస్త బొమ్మలు జోడించి ఆకర్షణీయంగా చేసి ఇవ్వండి చాలు" అన్నారు ఫోనులో.

ఆకర్షణీయం అనే మాట వినగానే నాకు అనుమానం మొదలవుతుంది. పదమూడేళ్లు బడిలో సైన్సు చెప్పి, ఆ తరువాత ఈ కోర్సుల తయారీలోకి వచ్చినదాన్ని. పాఠం అర్థం కానప్పుడు రంగు సుద్దలు కొనమనే హెడ్మాస్టర్లను చూశాను.

విషయం మాత్రం గట్టిది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా ఆరుసార్లు వెళ్లాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. కాన్పు ఇంట్లోనే అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. వెళ్లిన ప్రతిసారీ బిడ్డను తూచాలి, ఒళ్లు వేడి చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, పాలు తాగే తీరు గమనించాలి, ప్రమాద సూచన కనబడితే ఆస్పత్రికి పంపాలి.

పాత కోర్సు ఫైళ్లతో పాటు 140 పేజీల శిక్షణ పుస్తకం కూడా పంపారు. తెరిచి ఒక పేరా కాపీ చేస్తే తెరమీద ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు కలగాపులగంగా పడ్డాయి. యూనికోడ్ రాకముందు నాటి అచ్చు ఫాంట్లలో టైపు చేశారు. అక్కడ తెలుగు అక్షరం వేషం మాత్రమే. లోపల ఉన్నది ఇంగ్లీషు కీ. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చాను గానీ ఒత్తులు సగం ఎగిరిపోయాయి. "బొడ్డు" వచ్చిన ప్రతిచోటా "బొడు" అయింది. రాత్రి పదకొండు దాకా ఒత్తులు పెడుతూ కూర్చున్నాను.

జూన్ 9

విశాఖ నుంచి తెల్లవారుజామున బయలుదేరి ఘాట్ ఎక్కి, పదిన్నరకు పీహెచ్‌సీ చేరాను. పదకొండు మంది ఆశాలు వచ్చారు. కొందరు ఇంట్లో ఒడియా మాట్లాడేవారు, ఇద్దరు కువి అనే గిరిజన భాష మాట్లాడేవారు. తెలుగు అందరికీ వచ్చు, అయితే బడిలో నేర్చుకున్న తెలుగు.

పాత కోర్సును ఉన్నది ఉన్నట్టుగా చూడమన్నాను. ఏమీ మాట్లాడకుండా వెనుక కూర్చుని వాళ్ల బొటనవేళ్లు గమనించాను. ఎనిమిదో స్క్రీన్ దాకా గొంతు చెప్పేది విన్నారు. ఆ తరువాత అందరి వేళ్లూ "తరువాత" బటన్ మీదే. యాభై నిమిషాల కోర్సు ఇరవై నిమిషాల్లో పూర్తయింది. పరీక్షలో ఎనిమిదికి తక్కువ ఎవరికీ రాలేదు. కోర్సును నడిపిన వారి నివేదికలో ఇది వందకు వంద శాతం ఉత్తీర్ణత.

మధ్యాహ్నం డాక్టరు గారిని ఒక సాయం అడిగాను. వార్డులో అయిదు రోజుల బిడ్డ ఉంది. తల్లి సరేనంది. బిడ్డ నిద్రలో ఉండగా అందరూ చుట్టూ నిలబడి ఒకేసారి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి, పక్కవాళ్లకు చూపించకుండా కాగితం మీద అంకె రాయాలి. డాక్టరు గారూ లెక్కపెట్టారు: 47.

చీటీలు విప్పాను. 46, 48, 47. బాగుంది. తరువాత 94. ఆ తరువాత 24. ఇంకొకటి 62, మరొకటి 38. పదకొండు మందిలో సరిగ్గా లెక్కపెట్టింది ముగ్గురే.

పాత పరీక్షలో నాలుగో ప్రశ్న ఇది: "నవజాత శిశువు శ్వాసక్రియ రేటు నిమిషానికి ఎంత, అంతకు మించితే ప్రమాదం? 40, 50, 60, 80." పదకొండు మందీ 60 అని సరిగ్గానే పెట్టారు. అంకె తెలుసు. లెక్క రాదు. ఆ బిడ్డకు 62 అని రాసిన ఆవిడ రేపు ఆరోగ్యంగా ఉన్న బిడ్డను డోలీలో కొండ దింపిస్తుంది. 38 అని రాసిన ఆవిడ జబ్బు బిడ్డను ఇంట్లోనే ఉంచేస్తుంది.

తిరుగు బస్సులో బొమ్మలు జోడించే ఆలోచన మానేశాను.

జూన్ 10

పొద్దున్నే తెల్లకాగితం తీసుకుని ఒకే ప్రశ్న రాసుకున్నాను: గడప దాటి లోపలికి వెళ్లిన ఆశా చేతులు ఏం చేస్తాయి? తల ఏం తెలుసుకోవాలి అన్నది తరువాత.

కోర్సుల తయారీలో అందరూ చెప్పే క్రమం ఒకటుంది: విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం. 1970ల మధ్యలో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో అమెరికా సైన్యం కోసం చేసిన నమూనా నుంచి వచ్చింది. క్రమంలో తప్పేమీ లేదు. కాని మన దగ్గర మొదటి మెట్టు అంటే పుస్తకం చదివి అధ్యాయాలను స్క్రీన్లుగా కోయడమే. నిన్నటి చీటీలే నాకు అసలు విశ్లేషణ.

ఇంకొక విషయం మనసులో పెట్టుకున్నాను. ఈ ఇంటింటి సంరక్షణ పద్ధతికి పునాది పడింది మహారాష్ట్రలోని గడ్చిరోలిలో. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో పెద్దగా చదువుకోని స్త్రీలకు నేర్పి, మూడేళ్లలో నవజాత శిశు మరణాలను పోల్చి చూసిన గ్రామాలకంటే 62 శాతం తగ్గించగలిగారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అది అచ్చయింది. అంటే చదువు తక్కువ కాబట్టి రాలేదు అనే సాకు ఇక్కడ చెల్లదు. పక్కన కూర్చుని చేయించారు, తప్పు చేస్తే దిద్దారు, మళ్లీ చేయించారు. ఫోను ఆ పక్కన కూర్చునే పనిలో ఎంత భాగం చేయగలదో అదే నా కోర్సు.

జూన్ 14

సంస్థ వారితో గంటన్నర మాటలు. నా ప్రతిపాదన: 74 స్క్రీన్లు పోయి అయిదు పనులు ఉంటాయి. చేతులు కడగడం, తూచడం, ఒళ్లు వేడి చూడటం, ఊపిరి లెక్క, పంపాలా వద్దా అన్న నిర్ణయం. మిగతాది కావలసినప్పుడు తెరిచి చూసుకునే చిన్న పుస్తకంగా అదే యాప్‌లో ఉంటుంది.

ఒప్పుకోలేదు. వాళ్ల తరఫు నిపుణుడికి ఊపిరితిత్తుల నిర్మాణం ఉండాలి. ఇంకొకరికి మాతాశిశు పథకాల చరిత్ర ఉండాలి. "ఇంత డబ్బు పెట్టి ఇంత చిన్న కోర్సా?" అన్న మాట కూడా వచ్చింది. కిలోల లెక్కన కోర్సులు కొనే అలవాటు మనవాళ్లలో ఇంకా పోలేదు.

చీటీల ఫొటో పంపాను. ఫోనులో అవతలివైపు కాసేపు చప్పుడు లేదు. డాక్టరు గారు కూడా ఆ సమావేశంలో ఉన్నారు, ఆయనే అన్నారు: "ఊపిరితిత్తి ఎలా ఉంటుందో నాకు తెలుసు కదండీ, అది నాకు వదిలేయండి. ఆ బిడ్డ ఊపిరి ఎంతో నాకు ఫోనులో సరిగ్గా చెబితే చాలు." దాంతో తేలిపోయింది. పథకాల చరిత్ర మాత్రం చిన్న పుస్తకంలో ఒక పేజీగా మిగిలింది. గెలిచిన చోట ఒక మెట్టు దిగడం మంచిదే.

జూన్ 19

మాటల పని. ఇద్దరు ఆశాలకు ఫోను చేసి స్క్రిప్టు చదివి వినిపించాను. ఎక్కడ "ఆఁ?" అంటారో అక్కడ గీత గీసుకున్నాను.

"శ్వాసక్రియ రేటు" తీసేసి "ఊపిరి లెక్క" పెట్టాను. "అల్పోష్ణస్థితి" బదులు "బిడ్డ చల్లబడటం". ఛాతీ లోపలికి పీల్చుకుపోవడం అని రెండు వరుసల్లో వివరించిన దానికి ఆవిడ ఒక్క మాటలో పేరు పెట్టింది: "డొక్కలు ఎగరేస్తుంది అంటారు మేడమ్." అంతే. ముర్రుపాలకు వేరే పేరు వెతకవలసిన అవసరం రాలేదు. బొడ్డు దగ్గర మాత్రం ఆగాం. పుస్తకంలో "బొడ్డుతాడును పరిశుభ్రంగా, పొడిగా ఉంచవలెను" అని ఉంది. ఆవిడ అడిగింది: "పసుపు రాస్తే పరిశుభ్రమే అంటుంది మా అత్త. ఏం చెప్పను?" వాక్యం మార్చాను: "బొడ్డుకు ఏమీ రాయకూడదు. పసుపు, నూనె, బూడిద, పౌడరు, ఏదీ వద్దు." వద్దన్న వస్తువు పేరు చెప్పకపోతే వద్దన్నట్టు కాదు.

జూన్ 24

చిత్రీకరణ. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం వేసిన రోజు.

ఊపిరి లెక్క నేర్పాలంటే లెక్కపెట్టడానికి ఊపిరి కావాలి. బొమ్మ గీసి కదిలిస్తే సరిపోదా అని సంస్థ వారు అడిగారు. సరిపోదు. గీసిన బొమ్మ గడియారంలా సమంగా ఊపిరి తీస్తుంది. నిజమైన పసిబిడ్డ అలా తీయదు. గబగబా కొన్ని తీసి, అయిదారు సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆరోగ్యమైన బిడ్డ కూడా. అందుకే అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది; పూర్తి నిమిషం చూడాలి. నేర్పవలసిన కిటుకంతా ఆ అసమానతలోనే ఉంది. దాన్ని సాపు చేసేస్తే పాఠమే పోతుంది.

తల్లులతో ఏఎన్ఎం సిస్టర్ వాళ్ల భాషలోనే మాట్లాడింది. వీడియో ఎందుకు, ఎవరు చూస్తారు, ముఖం పడదు, వద్దంటే ఇప్పుడైనా తరువాతైనా తీసేస్తాం, వద్దన్నందుకు ఏమీ అనుకోం. ఒక తల్లి వద్దంది. మంచిదమ్మా అని వచ్చేశాం. మెడ నుంచి బొడ్డు వరకు మాత్రమే కనబడేలా ఫోనును స్టాండుకు బిగించాం. చలి తగలకుండా ఒక్కొక్క బిడ్డకు రెండు నిమిషాలకు మించి బట్ట తీయకూడదని డాక్టరు గారి షరతు. ఏడుగురిని తీస్తే పనికొచ్చినవి నాలుగు. ఒక బిడ్డ సరిగ్గా యాభయ్యో సెకనులో తుమ్మింది. ఆ వీడియో నాకు చాలా ఇష్టం కానీ పనికిరాదు.

సాయంత్రం డాక్టరు గారూ నేనూ విడివిడిగా ఒక్కొక్క వీడియోను నిదానంగా నడిపి లెక్కపెట్టాం. ఇద్దరి అంకె కలిసినదాన్నే సరైన జవాబుగా రాసుకున్నాం: 44, 52, 57, 66. అరవై దాటిన ఆ బిడ్డను డాక్టరు గారు అప్పటికే చూస్తున్నారు, తరువాత బాగానే ఇంటికి వెళ్లింది.

జూన్ 25

నిన్న ఫోనుతో తీసిన ఒక్కొక్క నిమిషం వీడియో నూట ఇరవై ఎంబీకి పైగా ఉంది. కొండ మీద సిగ్నల్ ఒక్క గీత ఉంటే గొప్ప. కుదించాను. రెండు ఎంబీకి తెచ్చి గర్వంగా నడిపి చూస్తే బిడ్డ ఊపిరి తీయడం లేదు!

ఒక క్షణం నిజంగానే గుండె ఆగింది. తరువాత అర్థమైంది. వీడియో కుదింపు చిన్న చిన్న కదలికలను అనవసరం అనుకుని చెరిపేస్తుంది. పసిబిడ్డ పొట్ట కదలిక అటువంటిదే. సెకనుకు 500 కిలోబిట్ల దగ్గర కదలిక మళ్లీ కనబడింది. నిమిషానికి దాదాపు 3.75 ఎంబీ. అంతకంటే తగ్గించను. బదులుగా చుట్టూ ఉన్న దుప్పటిని కత్తిరించి ఛాతీ, పొట్ట మాత్రమే మిగిల్చాను.

జూన్ 29

ఇవాళ మొత్తం జవాబుల మీద పని. ప్రశ్న ఒకటే: వీడియో చూసి అంకె రాయండి. కష్టమంతా, ఆ అంకె తప్పయితే ఏమనాలి అన్నదాంట్లో.

పాత కోర్సులో తప్పు జవాబుకు ఎర్ర ఇంటూ, "మళ్లీ ప్రయత్నించండి" అన్న మాట. ఎలా ప్రయత్నించాలి? తప్పు ఎక్కడుందో చెప్పకుండా మళ్లీ చేయమంటే మళ్లీ అదే తప్పు చేస్తారు. జూన్ 9 నాటి చీటీలను మళ్లీ ముందు పరిచాను. ఒక్కొక్క తప్పు అంకె వెనుక ఒక్కొక్క అలవాటు ఉంది.

94 అంటే ఊపిరి పీల్చడం ఒకటి, వదలడం ఒకటి అని రెండుగా లెక్కపెట్టారు. కాబట్టి రాసిన అంకె సరైనదానికి దాదాపు రెట్టింపు ఉంటే ఫోను ఇలా అంటుంది: "పొట్ట పైకి లేచి కిందికి దిగితే అదంతా కలిపి ఒక్క ఊపిరి. మీరు రెండుగా లెక్కపెట్టి ఉండవచ్చు. ఈ పది సెకన్లు నాతో కలిసి లెక్కపెట్టండి." వెంటనే పొట్ట లేచినప్పుడల్లా చుక్క వెలిగే చిన్న వీడియో వస్తుంది. 24 అంటే అర నిమిషానికే ఆపేశారు. 62 రాసిన ఆవిడను ఆ రోజే అడిగాను. బిడ్డ గబగబా ఊపిరి తీసిన అర నిమిషాన్ని చూసి రెట్టింపు చేసిందట. 38 రాసిన ఆవిడ గడియారాన్నీ పొట్టనూ మార్చి మార్చి చూస్తూ మధ్యలో కొన్ని వదిలేసింది. దానికి మందు: వాళ్ల కిట్‌లోని గడియారంలో నిమిషం పెట్టుకుని, అది మోగేదాకా కళ్లు పొట్ట మీదనుంచి తీయకూడదు.

సరైన అంకెకు అటూ ఇటూ రెండు దాకా ఒప్పుకోవచ్చని డాక్టరు గారు అన్నారు. 60 గానీ అంతకు మించి గానీ వస్తే బిడ్డ కుదుటపడ్డాక మళ్లీ లెక్కపెట్టాలి, రెండోసారీ అలాగే ఉంటేనే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. 66 వీడియోలో ఆ రెండో లెక్కను తప్పించుకోలేని విధంగా పెట్టాను. ఒక్కసారి లెక్కపెట్టి "పంపాలి" నొక్కితే, ఫోను ముందుకు కదలదు.

జూలై 3

వాన. కరెంటు లేదు.

జూలై 7

మూడు రోజులు పాడయ్యాయి, తప్పు నాదే. పాత అలవాటుకొద్దీ కోర్సును ఒక తయారీ సాధనంలో చేసి స్కార్మ్ 1.2 అనే ప్రమాణం ప్రకారం మూటకట్టాను. ఏ వేదిక మీదైనా నడుస్తుందని ధైర్యం. సగం చేసి ఆపి మళ్లీ తెరిస్తే మొదటికి వచ్చేస్తోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ. వెతగ్గా వెతగ్గా తేలింది: ఆ పద్ధతిలో నేర్చుకునేవారు ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకునే అర 4,096 అక్షరాలకే పరిమితం. నా తప్పు జవాబుల శాఖలన్నీ అందులో పట్టక పొంగిపోయాయి. 2001 నాటి ప్రమాణం. నేను నిన్నటి మనిషిని.

సంస్థ దగ్గర మూడిల్ అనే కోర్సులు నడిపే వేదిక సర్వర్ ఉంది. హెచ్‌5పీ అనే తయారీ సాధనంలో మళ్లీ కట్టాను. మూడిల్ యాప్‌లో అయితే పీహెచ్‌సీ వైఫై దగ్గర ఒకసారి దింపుకుంటే చాలు, ఊళ్లో సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. మళ్లీ సిగ్నల్ తగిలినప్పుడు ఫలితాలు వాటంతటవే సర్వర్‌కు వెళతాయి. మొదటే ఇది చేయాల్సింది. ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య దూరం పెంచడానికి ఇంకొక పూట పట్టింది. ఇంగ్లీషుకు కొలిచిన పెట్టెల్లో తెలుగు ఎప్పుడూ కాళ్లు ముడుచుకునే కూర్చుంటుంది.

జూలై 12

నలుగురితో మొదటి పరీక్ష. రెండు తప్పులు దొరికాయి.

ఒకటి నవ్వొచ్చేది. ఒళ్లు వేడి పాఠంలో "36.5 నుంచి 37.5 వరకు ఉంటే మంచిది" అని రాశాను. ఆవిడ తన సంచిలోంచి థర్మామీటర్ తీసి చూపించింది. 98.1. "మేడమ్, మీ లెక్క ప్రకారం నాకు జ్వరమా?" వాళ్ల థర్మామీటర్లన్నీ ఫారన్‌హీట్‌వి. పుస్తకం చూసి పాఠం రాస్తే ఇదే జరుగుతుంది. సంచి చూసి రాయాలి. 97.7 నుంచి 99.5 అని మార్చాను. మార్చడం ఒక్కటే కాదు, తెర మీద అచ్చం వాళ్ల థర్మామీటరే కనబడేలా ఫొటో పెట్టాను.

రెండోది కాస్త ఆలోచించవలసింది. తెరమీద ఉన్న వాక్యాలనే గొంతు మళ్లీ చదివితే నేర్చుకునేవారికి భారమని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చెబుతాయి. నేను నమ్మి వాక్యాలన్నీ తీసేసి బొమ్మ, గొంతు మాత్రమే ఉంచాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవారికి బాగుంది. కువి మాట్లాడే ఆవిడ మాత్రం రెండుసార్లు వెనక్కి వెళ్లింది. నేర్చుకునే భాష సొంత భాష కానప్పుడు తెరమీద రాత సాయపడుతుందని ఆ పరిశోధనల్లోనే ఉంది, నేనే మరిచాను. పూర్తి వాక్యాలు కాకుండా ముఖ్యమైన రెండు మూడు మాటలు మాత్రం తెరమీద మిగిల్చాను. అందరికీ ఒకే సూత్రం సరిపడదని బడిలో నేర్చుకున్నదే మళ్లీ నేర్చుకుంటున్నాను.

జూలై 15

సంస్థ నుంచి ఫోను. "ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. పాఠం చెప్పి, చివర్లో పరీక్ష పెడితే పోయేది కదా?"

2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గురించి చెప్పాను. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు చదవకుండా, గుర్తున్నది రాసే పరీక్ష పెట్టుకున్నారు. అయిదు నిమిషాల తరువాత చూస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత చూస్తే పరీక్ష రాసినవారికే ఎక్కువ గుర్తుంది. మన ఆశాకు అయిదు నిమిషాల తరువాత పని లేదు. వచ్చే నెల ఎవరింట్లోనో పని ఉంది.

ఈ మాటలు చెబుతుండగానే ఒక ఆలోచన తట్టింది. నేర్చుకున్నది మరిచిపోకుండా ఉండాలంటే కొద్ది రోజుల ఎడంతో, ఆ ఎడం పెంచుకుంటూ మళ్లీ అడగాలి. ఎన్నెన్ని రోజులకు అన్నది ఎప్పుడూ చర్చే. ఇక్కడ ఆ క్రమం వాళ్ల నోట్లోనే ఉంది కదా! 3, 7, 14, 21, 28, 42. కోర్సు పూర్తయిన రోజును బిడ్డ పుట్టిన రోజు అనుకుందాం. ఆ రోజుల్లోనే ఒక్కొక్క వీడియో, ఒక్కొక్క ప్రశ్న. ఎప్పుడు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ప్రాజెక్టులో నాకు నేనుగా తట్టిన మంచి ఆలోచన బహుశా ఇదొక్కటే. మిగతావన్నీ ఎవరో ఒకరు చెప్పినవి.

జూలై 22

పదకొండు మందీ పీహెచ్‌సీకి వచ్చి యాప్ దింపుకుని కోర్సు చేశారు. సగటున గంటా పది నిమిషాలు పట్టింది. పాతది ఇరవై నిమిషాల్లో పోయింది, ఇది చిన్నదై కూడా గంట దాటింది. సంస్థ వారి ముఖంలో కలవరం కనబడింది. నాకు సంతోషం వేసింది. 52 వీడియోను ఒకావిడ ఆరుసార్లు చూసింది. ఎవరూ చూడమనలేదు.

జూలై 29

ఏడో రోజు ప్రశ్నకు ఆరుగురే జవాబిచ్చారు. మిగతావారికి ఫోను చేశాను. ఇద్దరి ఫోన్లు పగలు కొడుకుల దగ్గర ఉంటాయి. ఒకరికి డేటా అయిపోయింది. ఒకావిడ మాత్రం, "రాత్రి తొమ్మిదికి పని అయిపోయాక చేస్తాను మేడమ్, మీరు పొద్దున్నే పంపితే కిందికి వెళ్లిపోతుంది" అంది. గుర్తుచేసే సందేశాన్ని రాత్రి ఎనిమిదిన్నరకు మార్చాను. (ఆగస్టు 5న చేర్చినది: పధ్నాలుగో రోజున తొమ్మిది మంది జవాబిచ్చారు.) సిద్ధాంతం కాదు, వంటింటి గడియారం.

ఆగస్టు 19

ఇరవై ఎనిమిదో రోజు. ఫోనులో వచ్చే మార్కులను పక్కనపెట్టి ఊళ్లకు వెళ్లాం. శిక్షణ బాగుందా అని అడగడం ఒకటి, నేర్చుకున్నారా అని చూడటం ఇంకొకటి, పనిలో మారారా అని చూడటం మూడోది అని శిక్షణల మూల్యాంకనానికి మెట్లు గీసిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959 నుంచే చెబుతూ వచ్చాడు. నాలుగోది ఆ మార్పు వల్ల చివరికి ఏం ఒరిగింది అన్నది. అంటే ఇక్కడ బిడ్డలు బతకడం. పదకొండు మందితో అది తేల్చలేం, తేల్చామని చెప్పుకోకూడదు కూడా. మూడోది చూడవచ్చు.

ఏఎన్ఎం సిస్టర్, నేను ఒక మూల కూర్చున్నాం. ఆశా లోపలికి వచ్చింది, చేతులు కడుక్కుంది. బిడ్డ పాలు తాగుతోంది. గడియారం తీసింది, మళ్లీ సంచిలో పెట్టేసి తల్లితో కబుర్లలో పడింది. నేను మనసులో తిట్టుకున్నాను. పావుగంటకు బిడ్డ నిద్రపోయింది. అప్పుడు మళ్లీ గడియారం తీసి, బట్ట కొద్దిగా పైకి తీసి, నిమిషం మోగేదాకా కళ్లు కదపలేదు. పాలు తాగే బిడ్డ ఊపిరి లెక్కపెట్టకూడదని ఆవిడకు గుర్తుంది. ఆ మాట నాకే తోచలేదు.

నాలుగు ఇళ్లకు వెళ్లాం. మూడిట్లో లెక్క సిస్టర్ లెక్కతో కలిసింది. నాలుగో ఇంట్లో అత్తగారు అడ్డు నిలబడి, బిడ్డకు గాలి తగులుతుందని బట్ట తీయనివ్వలేదు. ఆశా ఏం చెప్పాలో తెలియక వెనుదిరిగింది. కోర్సులో అత్తగారు లేరు. తరువాతి విడతలో మొదటి సన్నివేశం ఆవిడదే. జూన్ 19న బొడ్డుకు పసుపు గురించి అడిగినప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

సెప్టెంబరు 2

నలభై రెండో రోజు. పదిమంది జవాబిచ్చారు. చివరి వీడియో 57 బిడ్డది, కావాలనే అరవైకి దగ్గరగా ఉన్నది ఎంచాను. తొమ్మిది మంది 55కూ 59కీ మధ్యే రాశారు. పదో ఆవిడ 62 అని రాసి, రెండోసారి లెక్కపెట్టి 58కి వచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. జూన్ 9న 94 అని రాసిన ఆవిడ.

"మేడమ్, మీ 57 తప్పు. నేను మూడుసార్లు చూశాను. 58."

అటూ ఇటూ రెండు ఉన్నా సరైనట్టే తీసుకుంటాం అక్కా, మీకు మార్కు పడింది అన్నాను.

"మార్కు కాదు మేడమ్. మొదట్లోనే, గడియారం మొదలైన వెంటనే ఒకటి ఉంది. మీరు దాన్ని వదిలేశారు."

వీడియో తెరిచి ఒక్కొక్క ఫ్రేము చొప్పున జరిపాను. మొదటి సెకను ఇంకా పూర్తికాకముందే పొట్ట లేచింది, చిన్నగా. డాక్టరు గారికి పంపాను. పది నిమిషాల తరువాత ఆయన నుంచి ఒక అంకె మాత్రం వచ్చింది.

58. జవాబు మార్చి కోర్సును మళ్లీ ఎక్కించాను.